చెప్పని మనిషి

"ఒక్క కాగితం ఫోటో తీసి పంపితే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు భర్త, ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుండగా.

కాగితమంటే అతని పైఆఫీసరు కేస్‌షీటు. ఆయన రెండు రోజుల కిందట ఆమె వార్డులోనే చేరాడు. ఆయన మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చుంటాడో లేదో ముందే తెలిస్తే, ఆ కుర్చీ కోసం ఎవరి చెవిన వెయ్యాలో చూసుకోవచ్చని భర్త ఆశ.

"కుదరదండీ. ఆయన నా పేషెంటు."

"మరి నేనెవర్ని?"

"మీరు నా మొగుడు. రేపు మీరొచ్చి చేరినా మీ కాగితం ఎవరికీ చూపించను."

"నర్సుద్యోగానికి ఇన్ని నియమాలా? డాక్టరు చెప్పింది చెయ్యడమేగా మీ పని!" అని విసురుగా లేచి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఆమెకు కొత్త కాదు. పదకొండేళ్ళుగా వింటున్నదే. చిన్నాన్నకు బీపీ చూడాలన్నా, మేనత్తకు ఇంజెక్షన్ చెయ్యాలన్నా, ఆఫీసులో ఎవరికో కుట్లు విప్పాలన్నా "మా ఆవిడ నర్సే, ఇంటికొచ్చెయ్యండి" అని గొప్పగా పిలిచేది అతనే. వాళ్ళు వచ్చేది సరిగ్గా ఆమెకున్న ఒక్క సెలవు రోజున. సూది పెట్టేదీ ఆమే, చేతులు కడుక్కుని కాఫీ పెట్టేదీ ఆమే. అప్పుడు మాత్రం అది పెద్ద చదువు. మందు మోతాదు తేడాగా ఉందని డాక్టరును నిలబెట్టి అడిగానని ఇంటికొచ్చి చెబితే అది తలబిరుసు. ఎవరికి ఏ జబ్బో చెప్పకపోతే అది పొగరు. బెల్లం కొట్టిన రాయిలా ఉంటుందని అత్తగారు కూడా చాలాసార్లే అంది. అలాంటి అత్తగారు ఈసారి బల్లకు అటువైపు కూర్చుని, ఒక్క మాటా కలపకుండా చిక్కుడుకాయలు తుంచుతూ ఉండిపోయింది.

నాలుగు రోజులు భర్త మూతి ముడుచుకుని తిరిగాడు. "అమ్మా, అన్నం పెట్టమను" అని పక్కనే ఉన్న భార్యకు తల్లి చేత కబురు పంపాడు. ఆమె పెట్టింది. కాగితం మాత్రం పంపలేదు.

అయిదో రోజు ఆమె డాబా మీద బట్టలు ఆరేస్తుంటే అత్తగారు మెట్లెక్కి వచ్చి, వెనక తలుపు దగ్గరికి వేసింది.

"అమ్మాయ్, నా సంగతొకటి చెబితే… వాడిక్కూడా చెప్పవు కదా?"

"మీరు చెప్పమంటే తప్ప చెప్పను అత్తయ్యా."

"వాడు అలిగి కూర్చున్నా?"

"నాలుగు రోజుల్నుంచి చూస్తూనే ఉన్నారుగా."

అత్తగారు తీగ మీది క్లిప్పును తిప్పుతూ, దానితో మాట్లాడుతున్నట్టు చెప్పింది. దగ్గినా, తుమ్మినా, నవ్వినా మూత్రం ఆగడం లేదట. ఏడేళ్ళయిందట. అందుకే ప్రయాణాలు మానేసింది. నలుగురిలో ఎవరైనా నవ్వించబోతే లేచి లోపలికి వెళ్ళిపోయేది. పాత గుడ్డలు మడిచి పెట్టుకుని, ఇంట్లో ఎవరూ లేవకముందే ఉతికి ఆరేసేది.

"డాక్టరు దగ్గరికెళ్దామంటే తోడెవరో ఒకరు రావాలి. ఎందుకని అడుగుతారు. ఆ అడిగినవాళ్ళు ఇంకొకరికి చెబుతారు. నువ్వొక్కదానివే చెప్పవని మొన్న నమ్మకం కుదిరింది."

కోడలు చేతిలోని తడి చీరను బకెట్లో వదిలేసింది. వార్డులో ఇలాంటివాళ్ళను ముఖం చూసి పోల్చుకునే తను, ఇంట్లో మనిషిని ఇన్నేళ్ళూ ముక్కోపి అనుకుంది! అయినా అయ్యో అనలేదు. తడి చేతులు తుడుచుకుని ఆస్పత్రిలో అడిగినట్టే అడిగింది. రోజుకెన్నిసార్లు? మంట ఉందా? నీళ్ళెంత తాగుతారు?

"నీళ్ళా? తాగడమే మానేశాను."

"అమ్మో, అది మాత్రం చెయ్యకూడదు అత్తయ్యా."

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరు తలుపు బార్లా తీసి ఉండగానే "ఏమ్మా, ఎన్నాళ్ళ నుంచి ఆగట్లేదు?" అని గట్టిగా మొదలుపెట్టాడు. బయట బెంచీ నిండా జనం.

"తలుపు వేశాక అడగండి డాక్టరుగారూ" అంది ఆమె.

ఆయన తనే లేచి తలుపు వేసి, "నాదే పొరపాటమ్మా" అన్నాడు. పరీక్ష చేసి, కండరాలు వదులయ్యాయనీ, వ్యాయామాలు శ్రద్ధగా చేస్తే చాలావరకు తగ్గుతుందనీ చెప్పాడు. అవి నేర్పింది కోడలే.

తిరిగొస్తుంటే ఆటోలో అత్తగారు ఆమె వైపు తిరిగింది. "డాక్టరుకే చెప్పేశావే!"

"అదీ నా పనే అత్తయ్యా."

"వాడింకా నీది కాఫీ కలిపే ఉద్యోగమనుకుంటున్నాడు" అంది అత్తగారు.

ఇక రోజూ అత్తగారు టీవీ ముందు కూర్చుని కండరాలు బిగించడం, లెక్కపెట్టడం, వదలడం. కోడలు అటుగా వెళుతూ "పదీ?" అనేది. "పదీ!" అనేది అత్తగారు. "ఏంటి పది?" అని భర్త అడిగితే ఇద్దరూ టీవీ వైపు చూసేవారు.

మూడు నెలలు గడిచాయి. ఒక రోజు ఆఫీసరు కోలుకుని మళ్ళీ ఆఫీసుకు వచ్చాడు. సాయంత్రం భర్త ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చి, భోజనాల దగ్గర నసుగుతూ చెప్పాడు. పొద్దున్నే గది ఖాళీగా ఉంది కదా అని ఆ కుర్చీలో కూర్చుని, అటొకసారి ఇటొకసారి తిరిగి చూశాడట. మూడోసారి తిరిగేసరికి ఎదురుగా ఆఫీసరు. "మెత్తగా ఉందా?" అన్నాడట.

అత్తగారు పకపకా నవ్వింది. పొట్ట పట్టుకుని, బల్ల మీద చరిచి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. లేచి వెళ్ళలేదు. వెళ్ళాల్సిన అవసరం రాలేదు. కోడలికీ నవ్వు ఆగలేదు.

భర్త అవమానం మర్చిపోయి తల్లినే చూశాడు. "అమ్మ ఇలా నవ్వి ఎన్నేళ్ళయింది! ఏమైంది అమ్మకి?" అని భార్యను అడిగాడు.

"దాన్నడక్కు, చెప్పదు" అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ. "చెప్పదు కాబట్టే నేను బాగుపడ్డాను."

అతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత లేచి కంచాలు తీసి సింకులో వేసి, కుళాయి తిప్పాడు.

మర్నాడు ఆమె యూనిఫాం ఇస్త్రీ చేసుకుని అరగంట ముందే బయల్దేరింది. హెడ్ నర్సు దగ్గరికి వెళ్ళి, ఇలాంటి ఇబ్బంది దాచుకుని బతికే ఆడవాళ్ళకోసం వారానికొక పూట, ఒక గది కావాలంటూ అర్జీ రాసిన కాగితం చాపింది. డాక్టరు చూసి పంపినవాళ్ళకు వ్యాయామాలు తను నేర్పుతుంది, వాళ్ళు చెప్పుకునేది కూర్చుని వింటుంది.

హెడ్ నర్సు కళ్ళజోడు సవరించుకుని కాగితం అందుకుంది. "మంచిదే. బోర్డు మీద ఏ డాక్టరు పేరు రాయించమంటావు?"

"నా పేరు రాయించండి" అంది ఆమె.