తొమ్మిది లోటు, తొమ్మిది మిగులు

ఆసుపత్రి నర్సమ్మ మా కొట్టు నుంచి వచ్చిన పీపాలోని క్లోరిన్ నీళ్లను పరీక్షించి పెదవి విరిచింది.

"ఒక శాతం ఉండాలి. మీది సున్నా పాయింట్ తొమ్మిదే. ఇంకొక్కసారి చూస్తా. అప్పుడూ తగ్గితే ఆర్డరు వేరేవాళ్లకే."

పీపాలో తొంభై లీటర్లున్నాయి. చేతిలో పది శాతం చిక్కటి క్లోరిన్ మందు లీటరు సీసా ఒక్కటే ఉంది. కెమిస్ట్రీ చదివిన మా మరిది సీసా మూత తీశాడు.

"తొమ్మిది వందల మిల్లీలీటర్లు చాలు వదినా."

"ఆగు. నువ్వు పోసేది కూడా పీపాలోకే చేరుతుంది కదయ్యా! దాని వాటా ఎవరిస్తారు, మీ మాస్టారా?"

నాకు తెలిసింది సరుకు లెక్క. లీటరుకు ఒక పాలు క్లోరిన్ ఉండాల్సిన చోట పదో వంతు తక్కువైతే, తొంభై లీటర్లకు తొమ్మిది పాళ్లు లోటు. చిక్కటి లీటరులో పది పాళ్లుంటాయి. అది తనకొకటి ఉంచుకుని తొమ్మిదే పంచగలదు. అందుకే సీసా మొత్తం పోయించి, బాగా కలియబెట్టించాను.

నర్సమ్మ మళ్లీ పరీక్షించింది. మీటరు సరిగ్గా ఒకటి చూపించింది.

"ఇకనుంచి ప్రతి నెలా మీ పీపాలే పంపండి" అంది.

మరిది తల గోక్కున్నాడు. "ఏ కాలేజీలో చదివావు వదినా?"

"కొట్లో. అక్కడ ఫీజు లేదు గానీ, లెక్క తప్పితే సరుకు తిరిగొస్తుంది."