నీళ్ళు తాగని గుడ్డ

"మా ఇంట్లో గుడ్డ డైపర్లేనండీ. ఆ ప్లాస్టిక్ ప్యాకెట్లని గడప తొక్కనివ్వలేదు. ఒక్కొక్కటి మట్టిలో కలవాలంటే మన మునిమనవల కాలం కూడా చాలదు, తెలుసా!"

హాల్లోంచి భర్త గొంతు ఖణీమని వినబడుతోంది. అతను హైస్కూల్లో సైన్సు మాస్టారు. పిల్లని చూడ్డానికి తోటి టీచర్లు వచ్చారు. వాళ్ళలో ఒకావిడ "అబ్బ, ఎంత ఓపికండీ మీకు!" అని మెచ్చుకుంటోంది, అతన్నే. "ఏముందండీ, అలవాటైపోయింది" అంటున్నాడు మాస్టారు.

బాత్రూంలో కొళాయి ముందు కూర్చుని, ఆ పూట పిల్ల చేసిన ఘనకార్యాన్ని గుడ్డ మీంచి నీళ్ళ ధారతో వదలగొడుతున్న ఆమెకి నవ్వొచ్చింది. కోపం రావలసిన చోట ఆమెకి ముందు నవ్వొస్తుంది, ఆ వెనకాలే ఒక సందేహం వస్తుంది. ఈయనకి అలవాటైపోయిందేమిటబ్బా? జాడించడమా, నానబెట్టడమా, ఆరేయడమా, మడతపెట్టడమా? దండెం మీద గుడ్డలు ఎగురుతుంటే ఫోటో తీసి క్లాసులో పిల్లలకి చూపించడం మాత్రం ఆమె ఎరుగును. ఆ ఫోటోలో మూలగా ఆమె మోచెయ్యి కూడా పడింది. పోనీలే, మోచెయ్యికైనా పేరొచ్చింది అనుకుంది.

ఆమెది పుట్టుకతోనే ఆరా తీసే బుద్ధి. చిన్నప్పుడు "ఎందుకూ?" అని అడిగి అడిగి పెద్దవాళ్ళ ప్రాణం తీసేది. అదృష్టం కొద్దీ అదే బుద్ధికి జీతమిచ్చే చోటు దొరికింది. తువ్వాళ్ళ మిల్లులో పరీక్షగదిలో ఉద్యోగం. గుడ్డని చట్రానికి బిగించి, పైనుంచి నీటిచుక్క వదిలి, అది ఎంతసేపటికి ఇంకుతుందో చూడాలి. ఉతికి మళ్ళీ చూడాలి. ఎండబెట్టి మళ్ళీ చూడాలి. బయటివాళ్ళకి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. అత్తగారైతే "నీళ్ళు పోసి కూర్చోడానికి డబ్బులిస్తారా!" అని ముక్కున వేలేసుకుంది. కానీ చుక్క గుడ్డ మీద పడి, ఒక్క క్షణం మెరిసి, సరిగ్గా అనుకున్నట్టే మాయమైపోతే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

అందుకే పిల్ల పుట్టకముందు మాస్టారు "మనం గుడ్డవే వాడాలి, నేను నిర్ణయించేశా" అన్నప్పుడు ఆమె ఎగిరి గంతేసింది. నిర్ణయం అతనిది, ఎంపిక ఆమెది. దుకాణానికి వెళ్ళి ఉన్న రకాలన్నీ బల్ల మీద పరిపించింది. గ్లాసుడు నీళ్ళు అడిగింది. దాహమేమో పాపం అని షాపాయన మర్యాదగా తెచ్చిచ్చాడు. ఆమె ఆ నీళ్ళు తాగకుండా శాంపిల్ గుడ్డల మీద పోసేసరికి "అమ్మా, అమ్మా!" అంటూ పరుగెత్తుకొచ్చాడు. మెరుస్తున్న సింథటిక్ గుడ్డ చుక్కని చటుక్కున లాగేసింది, పిడికిలి పెట్టి నొక్కితే అంతా కక్కేసింది. ముతక నూలుగుడ్డ బద్ధకంగా తాగింది, కానీ ఎంత నొక్కినా వదలలేదు. "పిల్ల కూర్చున్నప్పుడు నొక్కుడే కదండీ" అని షాపాయనకి పాఠం చెప్పింది. బల్ల తుడుచుకుంటూ ఆయన బుద్ధిగా తలూపాడు. పొడవాటి నూలుగుడ్డలు, మడతపెట్టి వాడేవి, వాటి పైన వేసే, బొత్తాలున్న తడి అంటని తొడుగులు, అవీ తీసుకుంది. కొత్త నూలు నీళ్ళు సరిగ్గా తాగదు, అందులో సహజంగా ఉండే జిడ్డు పోవాలి. పదే పదే వేడినీళ్ళలో ఉతికి, చుక్క వేసి, ఇంకా సరిగ్గా తాగట్లేదు అనుకుని మళ్ళీ ఉతికింది. నిండుచూలాలు అలా మెషిన్ ముందు కూర్చుని చుక్కలు వేస్తుంటే అత్తగారు దిష్టి తగలకుండా తలుపేసింది.

ఆ గుడ్డలంటే ఆమెకి ఇష్టమే, అందులో అబద్ధం లేదు. ఎండకి గరగరలాడే గుడ్డని అరచేత్తో నలిపి మెత్తన చేయడం ఇష్టం. ఇంట్లో అందరూ బుడంకాయ్ అని పిలిచే ఆ గుండుపిల్ల తొడల మధ్య మడత సరిగ్గా కుదిరితే పెద్ద గెలుపులా ఉండేది. వచ్చిన చిక్కల్లా ఆ ఇష్టంతోనే. "నీకిష్టం కదా" అన్నాడు మాస్టారు, మొదటిసారి మురికి గుడ్డలతో బకెట్ నిండినప్పుడు. "నీకు తెలుసు కదా" అన్నాడు రెండోసారి. మూడోసారి ఏమీ అనలేదు, పక్కనుంచి దాటుకుని వెళ్ళాడు. ఇష్టమైన పని ఎన్నో రోజుకి వెట్టిచాకిరీ అవుతుందో పరీక్షగదిలో కొలిచే మిషనేమీ లేదు. కాన్పు సెలవు అయిపోవస్తుంటే "గుడ్డలతో నీకు కుదరదు, పొడిగించు" అన్నాడు. పొడిగించింది. జీతం లేని సెలవు. అత్తగారు మంచి మనిషే, "పిల్లని నేను ఎత్తుకుంటా, ఆడిస్తా, పాలు పడతా. ఆ బకెట్ల దగ్గరికి మాత్రం నన్ను పిలవకమ్మాయ్, నా నడుం వంగదు" అని ముందే చెప్పేసింది. అంటే ఆమెకీ ఆమె ఉద్యోగానికీ మధ్య అడ్డంగా ఉన్నది పిల్ల కాదు, ఒక బకెట్.

పొడిగించిన సెలవూ ముగింపుకొచ్చింది. మిల్లులో పరీక్షగది చూసుకునే మేడం ఫోన్ చేసింది. "రంగు వదలడం పరీక్షించే కొత్త మిషన్ వస్తోంది. అది నీ చేతికే ఇద్దామని నా పట్టుదల. కానీ సోమవారం నువ్వు గదిలో లేకపోతే ఇంకొకర్ని పెట్టేస్తారు, నేనిక ఆపలేను. ఆదివారంలోగా చెప్పు తల్లీ." కొత్త మిషన్ అనేసరికి ఆమె గుండె దడదడలాడింది. అది ఎలా ఉంటుందో, లోపల ఏం తిరుగుతుందో, ఎన్ని గుడ్డలు ఒకేసారి పడతాయో! ఆ సంబరంతోనే భోజనాల దగ్గర చెప్పింది. మాస్టారు కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోకుండా అడిగాడు: "మరి గుడ్డలెవరు చూస్తారు?"

అదీ అతను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న. మిషన్ గురించి అడుగుతాడని ఎదురుచూసింది. సైన్సు మాస్టారు కదా మరి.

సరిగ్గా ఆ వారమే గుడ్డలు మొండికేశాయి. తొడిగిన పది నిమిషాలకే పక్కలనుంచి కారడం, పరుపు తడవడం, మాస్టారి ఇస్త్రీ చొక్కా మీద బుడంకాయ్ ధారాళంగా తన సంతకం పెట్టడం. ఇంక చూస్కోండి! "ధ్యాస అంతా ఆఫీసు మీద పెట్టి ఉతికితే ఇలాగే ఉంటుంది" అన్నాడు మాస్టారు చొక్కా విప్పుతూ. "చలవ చేసేవి తింటున్నావేమో, పాలలో నీరెక్కువైంది" అంది అత్తగారు. తప్పు ఆమె మనసులోనో ఒంట్లోనో ఉందని ఇద్దరికీ గట్టి నమ్మకం. ఆమెకీ ఒక పూట అలాగే అనిపించింది. ఏడుపొచ్చేసింది. పిల్లదాని గజ్జల్లో ఎర్రగా కందింది. ఇంత చిన్న పని కూడా చేతకాని దాన్నా? రెండు పడవల మీద కాళ్ళు పెట్టానా? కళ్ళు తుడుచుకుంటుండగా ఒక కన్నీటి బొట్టు ఒళ్ళో ఉన్న ఉతికిన గుడ్డ మీద పడింది. పడి, గుండ్రంగా, ముత్యంలా, అక్కడే కూర్చుంది.

ఆమె ఏడుపు ఠక్కున ఆగిపోయింది. గుడ్డని పక్కకి వంచితే బొట్టు జారి నేలమీద పడింది. కొళాయి దగ్గరకి పరుగెత్తి వేలు తడిపి ఇంకో చుక్క వేసింది. అదీ అంతే. నూలు నీళ్ళు తాగడం మానేసింది! తప్పు తన బుద్ధిలోనూ లేదు, పాలలోనూ లేదు, దారం మీద ఏదో పొర పట్టింది. గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుంది. పూలవాసన గుప్పుమంది. ఆమె వాడే సబ్బుపొడికి వాసనే ఉండదు. "దొరికింది దొంగ!" అని పైకే అనేసింది.

మాస్టారు దాచలేదు, దాచాల్సిన పని చేశానని అతనికి తెలిస్తే కదా. "అవును, పోయిన ఆదివారం నువ్వు పడుకున్నావని నేనే మెషిన్ వేశా. బట్టలు మెత్తబడే సెంటు ద్రావకం ఉంటే పోశా. పిల్లకి మెత్తగా ఉండాలని కాస్త దండిగానే పోశాలే." ఆ మాట వినగానే అతను ఆమెకి ముద్దొచ్చాడు కూడా. పోనీ, చెయ్యి కదిపాడు! ఓపిగ్గా చెప్పింది: ఆ ద్రావకం దారానికి పొరలా అంటుకుంటుంది, మెత్తదనం ఆ పొరదే, దాంతో గుడ్డ నీళ్ళు తాగదు, మిల్లుకి తువ్వాళ్ళు తిరిగొచ్చేవి సగం ఇందుకే. అతను శ్రద్ధగా విన్నాడు. విని, హాయిగా నిట్టూర్చాడు. "అందుకే అనేది నేను. ఈ పని నా చేతికి అచ్చిరాదు. నువ్వు ఇంట్లో ఉంటేనే సరి."

ఆమె అతని వంక వింతగా చూసింది. మిల్లులో కొత్తగా చేరినవాడు గుడ్డ పాడుచేస్తే, నీ చేతికి అచ్చిరాలేదు నాయనా, ఇంటికెళ్ళి పడుకో అని ఎవరూ అనరు. పక్కన నిలబడి మళ్ళీ చేయిస్తారు. చేతకానితనం ఇంట్లో మాత్రం సెలవుచీటీలా ఎలా పనిచేస్తుంది? పైగా ఆ సెలవు ఎప్పుడూ ఒకరికే ఎందుకు దొరుకుతుంది? తెలుసుకోవాలనిపించింది. గుడ్డని పరీక్షించడం వచ్చినదానికి ఇదేం పెద్ద పని!

ఆదివారం పొద్దున్న గుడ్డలన్నీ బాత్రూంలో కుప్పపోసి, పిల్లని చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది. "పొర పోయేదాకా వేడినీళ్ళలో ఉతికి జాడించాలి. మీరే చెయ్యండి. ఎలాగో చెప్తాను."

మాస్టారు నవ్వుతూనే లుంగీ ఎగ్గట్టాడు. కాసేపటికి నవ్వు ఆగింది. "చాలా?" అన్నాడు. "నీళ్ళు చూసి మీరే చెప్పండి." నీళ్ళు ఇంకా జారుడుగా, నురగగా ఉన్నాయి. మళ్ళీ జాడించాడు. "ఇప్పుడు?" "చూడండి మరి."

అత్తగారు గుండెలు బాదుకుంటూ వచ్చింది. "అయ్యో అయ్యో, వాడి చేత ఆ గుడ్డలు ఉతికిస్తున్నావా! నువ్వు చేసెయ్యమ్మా, పుణ్యముంటుంది. వాడికి నడుం పట్టేస్తుంది."

"అత్తయ్యా, మీకు నడుం ఎప్పుడు పట్టేసింది?"

ఎత్తిపొడుపు కాదది, నిజంగానే అడిగింది. అత్తగారికీ అది తెలిసింది కాబోలు, వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టింది. "వీడి చెల్లెలు పాకేటప్పటికే పట్టేసిందమ్మాయ్. అది నొప్పని కూడా తెలీదు. పిల్లలు పుట్టాక ఆడవాళ్ళ నడుం అలాగే ఉంటుంది కాబోలనుకున్నా. వీళ్ళ నాన్న ఆ బకెట్ పక్కనుంచి పోవాలంటే ముక్కు మూసుకునేవాడు." కొడుకు వంగిన వీపు వంక కాసేపు చూసింది. తర్వాత వంటింట్లోంచి స్టూలు ఈడ్చుకొచ్చి గుమ్మం పక్కన వేసుకుని, సర్కస్ చూడ్డానికి వచ్చినదానిలా కూర్చుంది. కాసేపటికి ఉండబట్టలేక "ఒరేయ్ నాన్నా, ఆ అంచు జాడించలేదు నువ్వు" అంది.

మధ్యాహ్నానికి ఎండ బాగా కాసింది. గుడ్డలు ఆరాయి. మాస్టారు ఒకటి తెచ్చి బల్ల మీద పరిచి చుక్క వేశాడు. చుక్క ఇంకిపోయింది. నమ్మలేక ఇంకొకటి వేశాడు, చిన్నపిల్లాడిలా కేరింత కొట్టాడు. ఆ ముఖం చూస్తే ఆమెకి ముచ్చటేసింది. తనకి తెలిసిన సంతోషమే అది.

"చూశావా! ఇక రేపట్నుంచి నీకే ఇబ్బందీ ఉండదు."

"అవునండీ, ఉండదు. రేపు నేను డ్యూటీలో చేరుతున్నాగా. అత్తయ్య పిల్లని చూస్తానన్నారు. గుడ్డల పని మీకు వచ్చేసింది."

అతను నవ్వబోయి ఆగాడు. నీళ్ళకి నానిపోయిన తన వేళ్ళ వంక చూసుకున్నాడు. "రోజూనా?"

"రోజూనే."

"స్కూలుకి వెళ్ళే ముందు?"

"నేను పిల్లకి పాలిచ్చేటప్పుడు."

మాస్టారు స్టూలు మీద అత్తగారి వైపు చూశాడు, అక్కణ్ణుంచి ఏ సాయమూ రాలేదు. చివరికి గొంతు తగ్గించి, ఎంతో తేలిగ్గా, "అలా అయితే ప్యాకెట్లు తెచ్చేద్దాంలే. అందరూ వాడట్లేదా? మన ఒక్క పిల్లతో భూమి మునిగిపోతుందా ఏం?" అన్నాడు.

ఆమె గుండెలో ఏదో కలుక్కుమంది. బాధే అది, బాధ కాదని ఎలా అనుకుంటుంది? పోగొట్టుకున్న జీతం, వెనకబడ్డ పని, ఫోన్లో మేడం ముందు నసిగిన మాటలు, అన్నీ గుడ్డల కోసమే అనుకుంది ఇన్నాళ్ళూ. భూమి కోసం, పిల్ల ఒంటి కోసం అనుకుంది. ఆ గుడ్డల్ని పక్కన పెట్టడానికి అతనికి ఒక్క పూట చాలింది. కానీ ఎక్కడో, ఏళ్ళ తరబడి అంతుచిక్కని లెక్క తేలినప్పటి తేలికదనం కూడా ఉంది. అతను పక్కన పెట్టలేనిది గుడ్డని కాదన్నమాట. తను ఇంట్లో ఉండటాన్ని.

పిల్లని అత్తగారి ఒళ్ళో పెట్టి, వాళ్ళెదురుగానే ఫోన్ తీసింది. "మేడం, రేపు వస్తున్నా. ఆ, మిషన్ నేనే చూస్తా." పెట్టేసి భర్త వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, కన్నీళ్ళూ లేవు.

"గుడ్డలు నాకిష్టమండీ. నా పూట గుడ్డలే తొడుగుతా, నేనే ఉతుకుతా. మీ పూట గుడ్డలో ప్యాకెట్లో మీ ఇష్టం, మీరే తియ్యాలి. కానీ ఒక్క సంగతి. ప్యాకెట్లు కొనుక్కోవచ్చన్న మాట మొదటిసారి నా సెలవు అయిపోయినప్పుడే అని ఉంటే, ఇన్నాళ్ళూ నేను ఉద్యోగంలోనే ఉండేదాన్ని కదా. అప్పుడు మీకెందుకు తట్టలేదో తీరిగ్గా ఆలోచించి చెప్పండి. నాకు నిజంగా తెలుసుకోవాలనుంది."