కింద నీకు, పైన నాకు

రంగనాయకికి ఒక అలవాటుంది. కొత్త చోటికి పోతే అక్కడి నీళ్లు మూడు చుక్కలు నెత్తిన చల్లుకోకుండా అడుగు ముందుకు వేయదు. పుట్టింటివాళ్లు తరతరాలుగా గుడి సేవ చేసినవాళ్లు, అక్కడినుంచి పట్టుకుందది. ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి చెప్పి ఆమె రిటైరైంది గానీ ఆ అలవాటు మాత్రం రిటైర్ కాలేదు. చివరికి సైప్రస్ దీవిలో అదే కొంప ముంచింది. మునిగింది ఆమె ఒక్కదాని కొంపే అయితే ఇంత బాధ లేకపోవును.

రెండో మనిషి ఇక్బాలున్నీసా. అదే బడిలో లెక్కల టీచరు. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. రంగనాయకి ఆమెను ఆపా అంటుంది, ఆమె ఈమెను రంగా అంటుంది. పురానాపూల్ దగ్గర రెండు వాటాల పాత ఇంట్లో అటొకరు ఇటొకరు అద్దెకుండేవారు. రంగనాయకి భర్త పోయినప్పుడు నెలరోజులు ఆమెకు అన్నం పెట్టింది గోడ అవతలి వంటిల్లే. తెల్లారితే ఇద్దరూ పాత వంతెన మీద నడక. ఆపాకు మోకాళ్ల నొప్పులు, రంగనాయకికి నోరు ఆగదు, ఒకరి కోసం ఒకరు నెమ్మదిగా నడిచేవారు.

ఆ ఇల్లు అమ్ముతున్నానని ఓనరు కబురు పెట్టాడు. రంగనాయకిని తమ్ముడు శ్రీపాద ఉప్పల్ వచ్చేయమన్నాడు. ఆపాను తమ్ముడు దస్తగీర్ పత్తర్‌గట్టిలో తన దుకాణం పైనున్న ఇంటికి రమ్మన్నాడు. ఇద్దరికీ పోవడానికి చోట్లున్నాయి, ఇద్దరూ కలిసి పోవడానికే చోటు లేదు. బేగంబజార్ దాకా సందుసందూ తిరిగి చూశారు. ఒకచోట ఇంటివాళ్లకు ఆపా పేరు నచ్చలేదు, ఇంకోచోట రంగనాయకి తులసికోట నచ్చలేదు. తిరిగి తిరిగి ఇంటికొచ్చి, ఎవరి వాటాలో వాళ్లు దీపం వేసుకోకుండా కూర్చున్న సాయంత్రాలున్నాయి.

అప్పుడు ఫర్హీన్ ఫోన్ చేసింది. దస్తగీర్ కూతురు, సైప్రస్‌లో నర్సు. "ఇల్లు ఖాళీ చేసేలోపు ఇద్దరు రాండ్రి ఫుప్పూ. ఈడ సముద్రం పక్కన నడిచే బాటలున్నయ్. మరీ కష్టమేం గాదు, మీ అసొంటోళ్లు మస్తుమంది నడుస్తరు" అంది. ఇద్దరూ బూట్లు కొనుక్కుని వంతెన మీద అలవాటు చేసుకున్నారు. చీరకింద బూట్లేసుకున్న రంగనాయకిని చూసి పండ్ల బండివాళ్లు నవ్వారు. ఆమె వాళ్లకంటే గట్టిగా నవ్వింది.

నడక రోజు ఫర్హీన్ వాళ్లను ఒక గుంపుతో తీసుకుపోయింది. బాట కొంతదూరం సముద్రం ఒడ్డునే సాగి, తర్వాత గుట్టెక్కి, పైనున్న చిన్న చర్చి దగ్గర ఆగుతుంది. బస్సు దిగగానే గైడు అందర్నీ చుట్టూ నిలబెట్టి బాట సంగతి చెప్పాడు. రాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నచోట్ల అదే దారి అని గుర్తు, చీలిక వచ్చినా రాళ్లు పేర్చిన దిక్కే నడవండి, వెనకబడినా ఫికర్ లేదు అన్నాడు. ఫర్హీన్ ఆ మాట మేనత్తకు రెండుసార్లు చెప్పింది. రంగనాయకి అప్పుడు అక్కడ లేదు. ఒడ్డున వంగి, మూడు చుక్కలు నెత్తిన చల్లుకుంటోంది.

బాట బాగుంది. ఎండకు కాగిన పొదల వాసన, కిందెక్కడో అలల చప్పుడు. ఆపా మోకాళ్లు పట్టుకుంటూ వెనకబడింది. "నువ్వు నడువ్ రంగా, నేను నిమ్మలంగ వస్త" అంది. ఫర్హీన్ గుంపుతో ముందెక్కడో ఉంది. రంగనాయకి ఒంటరిగా ముందుకు నడిచింది. గుట్ట మొదలైన కాడినుంచి బాట పక్కన పేర్చిన రాళ్లు కనబడసాగాయి.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మన గుట్టల మీద దేవుడి దారి పక్కన, సొంతిల్లు కావాలని మొక్కుకుని రాళ్లు పేర్చేది ఎవరికి తెలియదు? ఎన్ని రాళ్లు నిలిస్తే అన్ని అంతస్తులు. ఇక్కడ కూడా ఇల్లు లేనివాళ్లు ఇంతమందా అని జాలిపడింది. పైన గుడి కూడా ఉందాయె. ఏ దేవుడైతేనేం, కొండమీద కూర్చున్నాక వినడా అనుకుంది.

ఒకచోట బాట రెండుగా చీలింది. కుడివైపుది పైకి పోతోంది, దాని పక్కన రాళ్లు మలుపు తిరిగితేగానీ కనబడవు. ఎడమవైపుది మేకలు నడిచిన సన్న జాడ, కొండ అంచుకు పోతోంది. మొక్కు రాళ్లు మంది కాళ్లకు తగలకూడదని రంగనాయకి ఎడమవైపు నాలుగడుగులు వేసింది. వెడల్పాటి రాయి అరుగులా వేసి, దానిమీద గోడలకు గుండ్రాళ్లు, పైన పలకరాయి కప్పు, మళ్లీ గోడలు, మళ్లీ కప్పు. రెండంతస్తులు. కళ్లు మూసుకుని, కింద ఆపాకు, పైన నాకు అని మొక్కుకుంది. లేచి, చీర దులుపుకుని, కుడివైపు బాట పట్టింది.

చర్చి దగ్గర గుంపంతా నీళ్లు తాగి, రొట్టెలు తిని, ఫొటోలు దిగింది. ఆపా రాలేదు. ఇంకాసేపు చూశారు. గైడు ముఖం మారింది. "రాళ్ల సంగతి ఆమెకు అర్థమైందా?" అని ఫర్హీన్‌ను అడిగాడు.

"రెండుసార్లు చెప్పిన" అని ఫర్హీన్ తెలుగులోనే అనేసింది, కంగారులో. తర్వాత ఇంగ్లీషులో చెప్పింది, రాళ్లు పేర్చిన దిక్కే రమ్మన్నానని.

రంగనాయకి చేతిలోని రొట్టె కిందపడింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా వచ్చిన దారినే పరుగెత్తింది. ఆ వయసులో, ఆ చీరతో, ఆ దిగుడులో అట్లా పరుగెత్తకూడదు. దేవుడా దేవుడా అని తప్ప ఆమె నోట ఇంకో మాట రాలేదు. లెక్కల టీచర్ కళ్లకు, అంత పద్ధతిగా పేర్చిన రాళ్లకంటే నమ్మకమైన గుర్తు ఏముంటుంది?

ఇల్లు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. దాన్ని దాటి అంచు దాకా పోయి అరిచింది. "ఆపా!"

"ఈడున్న. దిగకు, రాళ్లు జారుతున్నయ్."

మనిషి ఎత్తు కింద చిన్న తిన్నె మీద ఆపా కూర్చుని ఉంది. కుడికాలు ఉండకూడని తీరుగా వంగి ఉంది. తిన్నె అవతల సముద్రం తప్ప ఏమీ లేదు. రంగనాయకి పొదలు పట్టుకుని కూర్చుని కూర్చుని దిగింది. పైన ఫర్హీన్ ఏడుపు, గైడు ఫోన్‌లో మాట్లాడడం వినబడుతున్నాయి. సాయం వాళ్లు తాడు తెస్తున్నారు, అందాకా కదలొద్దని గైడు అరిచి చెప్పి, ఎదురుపోయి తీసుకురావడానికి ఫర్హీన్‌తో పాటు కిందికి పరుగెత్తాడు.

"రాళ్లున్న దిక్కే రమ్మన్నరు, వచ్చిన" అంది ఆపా, పళ్లు బిగించి. "ఎవడు పెట్టిండో గానీ..."

"నేనే పెట్టిన ఆపా."

ఆపా తల తిప్పి చూసింది.

"అవి దారి గుర్తులని నాకు ఎరుక లేదు. ఇంటి కోసం పెట్టిన. మన దిక్కు పెడ్తరు గదా."

ఆపాకు తెలుసు. బడి పిల్లలతో గుట్టలకు పోయినప్పుడల్లా, రాళ్లు పేరుస్తూ ఆగిపోయే పిల్లల్ని తొందరపెట్టింది తనే. కళ్లు మూసుకుంది. నొప్పికి మూసుకుందో కోపానికి మూసుకుందో రంగనాయకికి అర్థం కాలేదు. రెండింటికీ భయపడింది.

"ఎన్ని అంతస్తులు?" అని అడిగింది ఆపా, కళ్లు తెరవకుండానే.

"రెండు. కింద నీకు, పైన నాకు. నీ మోకాళ్లకు మెట్లెందుకని."

ఇన్నేళ్లలో ఆపా ఏడవడం రంగనాయకి చూడలేదు. అప్పుడు చూసింది. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఆ తిన్నె మీద చిన్నపిల్లల్లా ఏడ్చారు.

పైన చీలిక దగ్గర కొత్త గొంతులు వినబడ్డాయి. వేరే ఎవరో నడిచేవాళ్లు. ఒక పసిపిల్ల నవ్వు కూడా.

ఆపా ఆమె చేయి వదిలేసింది. "పో రంగా. తీసెయ్ వాటిని."

"మొక్కుకున్న చేతులతోని కూలగొడ్తే..."

"నీ చేతులతోనే తియ్యాలె. అది ఇల్లని ఇంకెవలకు ఎరుక?"

రంగనాయకి పైకి పాకింది. పసుపు టోపీ పెట్టుకున్న చిన్నపిల్ల అప్పటికే ఎడమవైపు జాడ మీద అడుగేసింది, తల్లి వెనకాల వస్తోంది. రంగనాయకి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది. ఏ భాషలో చెప్పాలో తోచక, వద్దు వద్దు అని తెలుగులోనే అరిచింది. చిత్తుగా మట్టి కొట్టుకున్న ఆమె చీర చూసి ఆ తల్లి బిడ్డను వెనక్కి లాక్కుంది.

తర్వాత రంగనాయకి మోకాళ్ల మీద కూర్చుంది. కాలితో తన్నేస్తే క్షణంలో అయిపోయే పని, కానీ ఇంటిని తన్నడానికి ఆమెకు మనసు రాలేదు. ముందు తన అంతస్తు తీసింది, కప్పు, గోడలు. తర్వాత ఆపాది. ఒక్కో రాయినీ దూరంగా, ఒకదానికొకటి తగలకుండా పెట్టింది. చివరికి అరుగురాయి కూడా తిరగేసింది.

ఆపాను తాళ్లతో పైకి తీసి ఆసుపత్రిలో చేర్చారు. తుంటి దగ్గర ఎముక విరిగింది, ఇనుప పట్టీ వేశారు. అడిగినవాళ్లందరికీ ఆపా, కాలు జారింది అనే చెప్పింది. ఫర్హీన్‌కు మాత్రం రంగనాయకి తనే చెప్పింది.  ఆ పిల్ల చాయ్ కప్పు ఆమె చేతికిచ్చి అటు తిరిగి కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేదని రంగనాయకి ఇప్పటికీ అనుకుంటుంది.

ఊరికి వచ్చాక ఇల్లు ఖాళీ చేశారు. ఆపాను కుర్చీలో కూర్చోబెట్టి, దస్తగీర్ దుకాణం మనుషులు పత్తర్‌గట్టి ఇంటి ఇరుకు మెట్ల మీదుగా మోసుకుపోయారు. మెట్లు దిగే యోగం ఇక లేదని డాక్టరు చెప్పాడు. వంతెన మీద నడక అంతటితో సరి.

రంగనాయకి ఉప్పల్ నుంచి బస్సెక్కి వస్తుంది. మొదటిసారి వచ్చిన రోజు దుకాణం ముందు చాలాసేపు నిలబడిపోయింది. గాజులు బేరమాడే మంది ఆమెను తోసుకుంటూ పోతున్నారు. ఏ ముఖం పెట్టుకుని ఎక్కాలో ఆమెకు తెలియలేదు. తల ఎత్తితే, కిటికీ చువ్వలు పట్టుకుని ఆపా ఆమెనే చూస్తోంది.

"గట్ల చూస్తవేంది రంగా?" అని పైనుంచి పిలిచింది. "కింద నీకు, పైన నాకు. ఉల్టా అయింది, గంతే. ఎక్కి రా, చాయ్ సల్లారుతది."

రంగనాయకి కళ్లు తుడుచుకుని, చెప్పులు విడిచి, గోడ పట్టుకుని మెట్లెక్కింది.