ఆఫీసర్ గారి ఆరోగ్యం

నా భార్య రాసిన ఉత్తరాలు నేను మొదటిసారి విన్నది ఆమె పోయిన నాలుగేళ్ళకు, ముక్కూ మొహం తెలియని నటుల నోట.

అవి నాకు రాసినవి కావు. వాళ్ళ అక్కగారికి, అంటే మా వదిన గారికి రాసినవి. వదిన గారి భర్త అప్పట్లో కొండల మధ్య ఆనకట్ట పనిలో ఉండేవారు. అక్కడికి టీవీ అందేది కాదు. మా ఊళ్ళో గురువారం సాయంత్రం ‘పై వాటా’ అనే హాస్య ధారావాహిక వచ్చేది. మేడ మీద అద్దెకున్న ఒక గుమాస్తా, అతని భార్య, కింద వాటాలో చిటపటలాడే ఇంటి యజమాని. అంతే కథ. ఆ అరగంటా వీధిలో అలికిడి ఉండేది కాదు. శుక్రవారం పొద్దున్నే మా ఆవిడ కూర్చుని, ముందు రోజు చూసిందంతా పూసగుచ్చినట్టు అక్కకు రాసి పంపేది.

తర్వాతి కాలంలో టీవీ వాళ్ళు ఆ టేపుల మీదే ఆటల పోటీలు రికార్డు చేసుకున్నారు. ఆరు భాగాలు అలా తుడిచిపెట్టుకుపోయాయి. మూడింటికి స్క్రిప్టులు దొరికాయి, మూడింటికి దొరకలేదు. ఇన్నేళ్ళకు వాటిని కొత్త నటులతో మళ్ళీ తీయాలని పూనుకుని, ఎవరి దగ్గర ఏమున్నా ఇమ్మని ప్రకటన వేశారు. కాగితం ముక్క కూడా పారేసే అలవాటు లేని మా వదిన గారు ఉత్తరాల కట్టతో వెళ్ళారు. నన్ను తోడు రమ్మన్నారు.

రిహార్సల్ గది స్కూలు హాలులా ఉంది. నేల మీద తెల్ల టేపు అంటించి గోడలనుకున్నారు. టేపు లేని చోట తలుపు. నటులు టీ తాగడానికి వెళ్ళేటప్పుడు కూడా ఆ లేని తలుపులోంచే వెళ్ళడం చూసి నాకు ముచ్చటేసింది. నేను అడగకుండానే ఎవరో నా కుర్చీలో దిండు వేసి పెట్టారు. నడుం నొప్పి మనుషులను దేవుడు ఇలా మరొకరి చేతుల మీదుగా చూసుకుంటాడు.

డైరెక్టరు నెమ్మదైన మనిషి గానీ ఒక విషయంలో మొండివాడు. ఆనాడు ప్రసారమైన మాట తప్ప ఒక్కటీ అదనంగా ఉండకూడదు. ఆ ఉదయమే, ఎవరో పాత ప్రేక్షకుడు గుర్తుచేసుకున్న మంచి జోకుని సాక్ష్యం లేదని కొట్టేశాడు. మా ఆవిడ ఉత్తరాలను నమ్మడానికి మాత్రం కారణం ఉంది. టేపులు మిగిలిన భాగాలతో పోల్చి చూస్తే ఎక్కడా పెద్దగా తేడా రాలేదట.

“మీ ఆవిడ గారిది టేపు రికార్డరు బుర్ర సార్. స్క్రిప్టు లేని మూడు భాగాలూ ఆవిడ మాట మీదే తీస్తున్నాం” అన్నాడు నాతో.

నాకు ఛాతీ కాస్త పొంగింది.

స్క్రిప్టు లేనివాటిలో మూడో భాగం చదవడం మొదలైంది. మొదటి సగం నీళ్ళ టాంకు గురించి ఇంటి యజమానితో తగువు. తర్వాత గుమాస్తా కారు లైసెన్సు పరీక్షకు వెళ్ళి వస్తాడు. ఆ వేషం వేసిన అబ్బాయి మొహం వేలాడేసుకుని, ఆఫీసరు రాలేదు, జ్వరమట, అని చదివాడు. భార్య వేషం వేసినావిడ ఎంతో జాలిగా, ఆయనకు ఒంట్లో ఎలా ఉందట అని అడిగింది. రెండోసారి పచ్చకామెర్లు. మూడోసారి నడుం పట్టేసింది. నాలుగోసారి ఏకంగా ఆపరేషన్. ఆవిడ ఆ ఆఫీసర్ గారికి ఊలు మఫ్లరు అల్లి ఇచ్చింది. గది గదంతా నవ్వింది. దీపాలు సర్దుతున్న మనిషి నిచ్చెన మీద పని ఆపి మరీ నవ్వాడు.

నేను నవ్వలేదు. ఆ మాటలన్నీ నావి.

పెళ్ళయిన మూడో ఏట నేను లైసెన్సు పరీక్ష వరసగా నాలుగుసార్లు తప్పాను. బండి వెనక్కి తీసేటప్పుడు ప్రతిసారీ హద్దుకు పాతిన అదే కర్రను గుద్దేవాణ్ణి. డిగ్రీ చదివినవాణ్ణి, కర్ర ముందు ఓడిపోయానని ఇంట్లో చెప్పుకోలేక ఆఫీసరుకు జ్వరం తెప్పించాను. మా ఆవిడ నిజంగానే మఫ్లరు అల్లింది. ఆయనకు బాగా నప్పిందని చెప్పి దాన్ని ఆఫీసు సొరుగులో దాచాను. అయిదోసారి నెగ్గి, ఆఫీసర్ గారు కోలుకున్నారన్నాను. అమాయకురాలి చేత లేని రోగికి సేవ చేయించానన్న బాధ నాకు ఆమె చివరి రోజుల దాకా ఉంది. ఆస్పత్రిలో చెప్పేద్దామనుకుని నోరు తెరిచాను కూడా. అప్పుడే నర్సు వచ్చింది.

టీ విరామంలో వదిన గారు నా మొహం చూసి మూతి బిగించారు.

“ఇప్పటికి తెలిసిందన్నమాట మరిది గారికి.”

“మీకెప్పటి నుంచి తెలుసు వదినా?”

“మఫ్లరుకు నమూనా పంపింది నేనే కదా. లేని మనిషికి మెడ ఎంత లావుంటుందక్కా అని రాసింది.”

డ్రైవింగు నేర్పినాయన భార్యా, మా ఆవిడా ఒకే చోట కుట్టుపని నేర్చుకునేవారట. మొదటి రోజే కర్రతో సహా కబురందింది. ఇక ఆ ఉత్తరం సంగతి వదిన గారే చెప్పారు. ఆ గురువారం సరిగ్గా సగంలో మా వీధికి కరెంటు పోయింది. అక్కకు సగం కథ పంపడం ఇష్టం లేక, మిగతా సగం మా ఇంట్లోంచి తీసి రాసింది. అక్క ఇట్టే పోల్చుకుంటుందని ఆమెకు తెలుసు.

మరి డైరెక్టరుకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

“ఉత్తరాలడిగారు, ఇచ్చాను. ఇది ఎవరి మొగుడి కథని అడగలేదుగా” అని, గొంతు తగ్గించారు. “అది రాసింది ఒక్కసారన్నా నలుగురూ చూడనివ్వండి. మీరు నోరు విప్పారంటే రేపటికి ఆ సీను ఉండదు.”

ఉండదని నాకూ తెలుసు. నేను ఊరుకుంటే నా భార్య రాసిన మాటలకు వేల ఇళ్ళు నవ్వుతాయి. వేరొకరి పేరు మీదైనా సరే, నవ్వు నవ్వే. కప్పులోని టీ చల్లారే దాకా అదే ఆలోచించాను. ఆమె అక్కకు రాసింది అబద్ధం కాదు, ఇద్దరి మధ్య ఆట. దాన్ని నేను లోకం మీదికి వదిలితే అబద్ధమవుతుంది. పైగా ఈ ఒక్కటి ఎప్పుడో బయటపడితే, ఆమె నిజాయతీగా రాసిన మిగతావన్నీ కూడా శంకించాల్సివస్తుంది. టేపు రికార్డరు బుర్ర అన్న ఆ మాట పోతుంది.

వెళ్ళి చెప్పాను. కర్ర సంగతితో సహా.

డైరెక్టరు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. భాగం మొత్తంలోకీ బాగున్న సీను అదేనన్నాడు. తర్వాత పెన్ను పక్కన పెట్టి, పెన్సిలు తీసుకుని ఆ పేజీల మీద సన్నగా గీత గీశాడు. మీ ఇంట్లో కరెంటు ఎక్కడ పోయిందో అక్కడే ఆపేద్దాం సార్, ఆ పైన ఏముందో ఎవరికీ తెలియదని తెర మీద వేద్దాం, అన్నాడు. వదిన గారు కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నారు.

గుమాస్తా భార్య వేషం వేసినావిడ నా దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్ళు నాటకాలాడి, టీవీలో ఇదే మొదటిసారట. ఆవిడ నోటి దగ్గర కూడు తీసేశానని తల దించుకున్నాను.

“పోతే పోయింది లెండి బాబాయ్ గారూ. ఒక్కటడుగుతాను. మిగతా సీన్లన్నిట్లో ఎవరెక్కడ నిలబడ్డారో పిన్నిగారు రాశారు. ఇందులో రాయలేదు. ఆఫీసర్ సంగతి అడిగేటప్పుడు ఆవిడ ఎక్కడుండేవారు?”

గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ ఆ ప్రశ్న వినేవాణ్ణి. గొంతు గుర్తుంది. మొహం ఎంత తలుచుకున్నా రాలేదు.

“పొయ్యి దగ్గర” అన్నాను.

“మీ వైపు తిరిగా?”

“లేదమ్మా. ఎప్పుడూ అటు తిరిగే అడిగేది. పొయ్యి మీద ఏదో మాడుతుందేమో అనుకునేవాణ్ణి.”

ఆవిడ నన్నొక క్షణం చూసింది. తర్వాత తెల్ల టేపు లేని చోటు నుంచి లోపలికి వెళ్ళి, వంటగది అనుకున్న మూలలో నాకు వీపు పెట్టి నిలబడింది.

“ఆఫీసర్ గారికి ఒంట్లో ఎలా ఉందటండీ?”

గొంతులో జాలి తప్ప మరేమీ లేదు. భుజాలు మాత్రం ఆపుకున్న నవ్వుకు సన్నగా అదురుతున్నాయి. నాలుగు సాయంత్రాలు, నాలుగు రోగాలు, ఆ వీపు నా కళ్ళ ముందే ఉంది. నేనేమో అప్పుడు బూట్ల లేసులు చూసుకునేవాణ్ణి.

కిటికీ దగ్గర వదిన గారి కుర్చీ కిర్రుమంది. ఇటు తిరిగినట్టున్నారు.

“ఆఫీసరు బాగానే ఉన్నాడు” అన్నాను. “నేనే తప్పాను. వెనక్కి తీస్తూ కర్రను గుద్దాను.”

ఆవిడ ఇటు తిరగలేదు. భుజాలు మరికాస్త గట్టిగా కదిలాయి.