చదువు తక్కువ కోడలు

"నన్ను హెడ్డుని చేస్తారట," అంది ప్రొఫెసరమ్మ, మిక్సీ మూత ఒక చేత్తో నొక్కిపట్టుకుని.

మిక్సీ రొదలోంచి ఈదుకుంటూ ఆ మాట హాల్లోకి చేరేసరికి సగం మునిగిపోయింది. సోఫాలో కూర్చున్న అత్తగారు కంగారుగా తలెత్తింది. "ఎద్దునా? ఎవరు చేస్తారే? మనిషిని పట్టుకుని ఎద్దుని చెయ్యడమేమిటి, చోద్యం కాకపోతే!"

స్నానానికి ముందు తీసిన చెవి మిషన్‌ను మళ్ళీ పెట్టుకోవడం ఆవిడ మరచిపోతూనే ఉంటుంది. గడ్డం నురగతోనే కొడుకు తొంగిచూశాడు. "ఎద్దు కాదమ్మా, హెడ్డు. డిపార్ట్‌మెంట్‌కి హెడ్డు!"

"ఏదైతేనేంరా, మోసేది బరువేగా," అందావిడ.

అతను పడీ పడీ నవ్వాడు. నురగ గోడమీద చిందింది, వార్త ఆ నురగతోపాటే ఆరిపోయింది. ప్రొఫెసరమ్మ కూడా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వకపోతే "మీ సోషియాలజీలో జోకులు నిషేధమా?" అని ఇంకో జోకు పడుతుంది, దానికెలాగూ నవ్వక తప్పదు. ముందే నవ్వేస్తే ఒకటి ఆదా.

"హెడ్డంటే హెడ్డేకే. ఈ వయసులో నీకెందుకా గోల? సరే, ఆలోచిద్దాంలే," అన్నాడు భర్త. "నా టవలెక్కడ?"

టవల్ అతని వెనకాలే, కొక్కేనికి ఉంది. తీసి ఇచ్చింది.

కుటుంబం గురించి, ఇంటిచాకిరీ గురించి ఇరవై ఏళ్ళుగా యూనివర్సిటీలో ఆమె పాఠం చెబుతోంది. లెక్క కట్టని పనిమీదే లెక్కలున్న లోకమంతా నిలబడి ఉందని చెబుతుంటే వెనక బెంచీలు కూడా పెన్నులు తీస్తాయి. గంట మోగగానే మాత్రం ఆమె మనసు కాళ్ళకన్నా ముందే ఇంటికి పరుగెడుతుంది: గ్యాసు కట్టేశానా, అత్తగారి మోకాలి మాత్ర అయిపోయిందా, సాయంత్రం ఫిజియోథెరపీకి కారు పిలవాలా. శ్రమ విభజన మీద ఆమె రాసిన పుస్తకం భోజనాల బల్ల మీద, కంచాలు పక్కకు జరిపి రాసినదే. ఆ ఇంట్లో శ్రమ ఆమెది, విభజన ఆయనది. పుస్తకం అచ్చయినప్పుడు, "మా ఆవిడ వంటిల్లు మీద రాసిందండీ. వంట మీద రాసుంటే నాలుగు కాపీలు పోయేవి," అని భర్త చుట్టాలందరికీ చెప్పాడు. చుట్టాలు నవ్వారు. ఆమె కాఫీలు ఇచ్చింది. కాపీలు పోలేదుగాని కాఫీలు బాగానే పోయాయి.

డిపార్ట్‌మెంట్‌లోనూ అంతే. మీటింగులో ఏం జరిగిందో రాసిపెట్టే పని ఆమెది, చేతిరాత బాగుంటుందట. ఎవరికైనా వీడ్కోలు చెప్పాలంటే బహుమతి ఎంచే పనీ ఆమెదే, అభిరుచి బాగుంటుందట. ఏదీ బాగుండని మగ ప్రొఫెసర్లు హాయిగా పుస్తకాలు రాసుకుంటున్నారు. వాళ్ళలో ఒకాయనకు మైకు చేతికిస్తే మళ్ళీ వెనక్కి రాదు. విద్యార్థులు ఆయన్ను మైకాసురుడంటారు. హెడ్డు కుర్చీ మీద ఆయనకు చాలాకాలంగా కన్నుంది. "మేడమ్‌కి హృదయం ఉంది. హెడ్డుకి హెడ్డుంటే చాలు కదా!" అని స్టాఫ్ రూంలో ఒకసారి అననే అన్నాడు.

ఇంట్లో ఆ వార్త చెప్పిన ఉదయం తర్వాత డీన్ గారు మాట మార్చలేదు, అసలు మాటే మానేశారు. అంతకుముందు వరండాలో ఆపి మరీ, "మీరైతే బాగుంటుందమ్మా, ఒప్పుకోండి," అన్న మనిషి, ఇప్పుడు ఆమె ఎదురైతే ఫోన్‌లోకి తల దూర్చేస్తున్నారు. ఇంట్లో తాళంచెవి పోతే ముందు తన బ్యాగే దులుపుకునే ఆడదానికి అలవాటైన పద్ధతిలోనే ఆమె తప్పు తనలోనే వెతుక్కుంది. ఆశ బయటపడేలా మాట్లాడానా? వెంటనే సరేననకుండా, ఇంట్లో చెప్పి వస్తాననడం తప్పయిందా? రాత్రి భర్తతో అంటే, "చూశావా? ఇస్తామంటారు, ఇవ్వరు. నీకే మంచిది," అని దుప్పటి లాక్కున్నాడు. ఆ మాటకు ఆమెకు కాస్త ఊరట కూడా కలిగింది. ఇప్పుడు తలచుకుంటే ఆ ఊరటకే సిగ్గేస్తుంది.

టర్మ్ చివర విద్యార్థులు తమ ఫీల్డ్ వర్క్‌ను డిపార్ట్‌మెంట్ మొత్తం ముందు పెట్టడం అక్కడి ఆనవాయితీ. జనంలోకి వెళ్ళి మనుషులతో మాట్లాడి, వాళ్ళ పేరూ ఊరూ చెరిపేసి, గొంతు మాత్రం వినిపించాలి. విన్నవాళ్ళు ఆ కుటుంబంలో ఒక్కొక్కరి వయసు, చదువు, ఉద్యోగం, ఇంట్లో చెల్లుబాటు బోర్డు మీద రాసి వర్గీకరించాలి. పేరు అడగడం మహాపాపం. ఆ నియమం పెట్టింది ప్రొఫెసరమ్మే.

ఈసారి డీన్ గారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ప్రదర్శన అవగానే, టీ దగ్గర కొత్త హెడ్డు ఎవరో చెబుతారట. మైకాసురుడు కొత్త చొక్కాలో మెరుస్తున్నాడు. కొత్త హెడ్డుకు ఇచ్చే బొకే తెప్పించిందీ ప్రొఫెసరమ్మే. అభిరుచి బాగుంటుంది కదా.

జడలో పెన్ను గుచ్చుకునే విద్యార్థిని లేచి నిలబడింది. "ఒక క్లినిక్‌లో తమ వంతు కోసం కూర్చున్న పెద్దవాళ్ళతో మాట్లాడాను మేడమ్. ఈవిడ అనుమతి అడిగితే, ఊరంతా వినిపించుకో, అబద్ధమా ఏమన్నా, అన్నారు." ఆ మాటలు రికార్డు చేసిన ఫోన్‌ను స్పీకర్‌కు తగిలించింది.

"మా కోడలా? చేస్తుందమ్మా ఏదో ఉద్యోగం," అంది స్పీకర్. "వెళ్తుంది, నాలుగు మాటలు చెప్తుంది, వచ్చేస్తుంది. నోటితో చేసే పనికి ఒళ్ళేం అలుస్తుంది? మావాడిది అలాక్కాదు, బాధ్యతగల ఉద్యోగం."

హాలంతా నవ్వింది. ప్రొఫెసరమ్మ నవ్వలేదు. ఆ గొంతుకు పొద్దున్నే చెవి మిషన్ వెతికిపెట్టి వచ్చింది.

"ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు అమ్మమ్మగారూ?" రికార్డింగులో విద్యార్థిని గొంతు అడిగింది.

"తీసుకోవడమెందుకూ, అవే ఉంటాయి. ఈమధ్య దానికేదో పెద్ద పదవి ఇస్తామన్నార్ట. మావాడు వాళ్ళ పెద్దాయనకి ఫోన్ చేసి, మా ఆవిడకి కుదరదండీ, మొహమాటంకొద్దీ మీతో చెప్పలేకపోతోందీ, అని చెప్పేశాడు. దానికింకా తెలీదు."

"తెలిస్తే ఏమంటారు?"

"ఏమంటుంది, ఏమీ అనదు. మంచిపిల్ల. నన్ను మాత్రం ఎవరడిగారు గనకా? టైపు నేర్చుకున్నాను, ఉద్యోగం కూడా వచ్చింది. మా మావగారు వద్దని కబురు పంపేశారు. ఏడాది పోయాక తెలిసింది నాకు. ఏం, బతకలేదూ?"

ప్రొఫెసరమ్మ కుర్చీ చేతిని పట్టుకుంది. అత్తగారు టైపు నేర్చుకుందన్న సంగతి ఇన్నేళ్ళలో తనకు తెలియదు. పక్క గదిలోనే ఉన్న మనిషిని అడగకుండా, ప్రపంచంలోని అత్తలందర్నీ అడిగి పుస్తకం రాసింది.

అప్పటికే బోర్డు మీద సుద్దముక్క పరుగెడుతోంది. మైకు మైకాసురుడి చేతికి వెళ్ళనే వెళ్ళింది. "స్పష్టంగా ఉంది. కోడలు చిరుద్యోగి. చదువు తక్కువ, చైతన్యం ఇంకా తక్కువ. చదువుకున్న స్త్రీ విషయంలో ఇలా జరుగుతుందా? జరగదు."

డీన్ గారికి కూడా ఆవేశం వచ్చింది. "అసలు ఆ ఫోన్ ఎత్తిన పెద్దాయన్ననాలి! మొగుడు చెప్తే సరిపోతుందా? ఆవిణ్ణి పిలిచి ఓ ముక్క అడగొద్దూ? బుద్ధుండక్కర్లా?"

అందరూ అవునవునన్నారు.

"మేడమ్," అంది విద్యార్థిని, "కోడలి చదువు అడగడం మర్చిపోయాను. తక్కువ అనే రాసెయ్యనా?"

నోరు విప్పితే తను పెట్టిన నియమం తనే తప్పినట్టు. ఆ ముసలావిడ ఎవరో ఈ హాలుకంతా తెలిసిపోతుంది. ఇంట్లో గొడవ, ఇక్కడ గుసగుస. విప్పకపోతే సుద్ద గీసిన ఆ గడిలోనే ఉండిపోవచ్చు. అందులో కొత్తేముంది, అలవాటైన గదే. బయట టీ కప్పులు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంకాసేపట్లో తను ఎంచిన పువ్వులు మైకాసురుడి చేతిలో ఉంటాయి, తను చప్పట్లు కొడుతుంది, చక్కటి చేతిరాతతో ఆ సంగతి రాసిపెడుతుంది. ఇంటికెళ్ళాక భర్త, "చూశావా, నీకే మంచిది," అంటాడు. ఏమీ అనదు. మంచిపిల్ల.

లేచింది. బోర్డు దగ్గరికి వెళ్ళేదాకా తను లేచానని తనకే నమ్మకం కలగలేదు.

"తక్కువ అని రాయకు. పీహెచ్‌డీ అని రాయి," అంది. "ఉద్యోగం దగ్గర, ఈ డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్ అని రాయి. చైతన్యం గడి నాకే సందేహంగా ఉంది, ప్రస్తుతానికి ఖాళీగా ఉంచు. ఆ పెద్దావిడను ఎవరూ ఒక్క మాటా అనొద్దు, ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆ కోడల్ని నేనే."

సుద్ద కింద పడింది. మైకు మొదటిసారిగా మైకాసురుడి చేతిలో ఊరికే ఉండిపోయింది. డీన్ గారి మొహం తన మాటలు తనకే తగిలినట్టు ఎర్రబడింది.

"అయ్యో... అమ్మా, మరి మీవారు ఫోన్ చేసి... మీరే చెప్పించారనుకున్నానమ్మా!"

"నేను చెప్పించలేదండీ. మీకు ఫోన్ చేసింది మావారు. ఇప్పుడు మాట్లాడుతున్నది నేను. నాకా పదవి కావాలి," అంది ప్రొఫెసరమ్మ. "ఆయన చెప్పడమూ నేను చెప్పడమూ ఒకటే అనుకున్నందుకు మీరేం బాధపడకండి. ఇరవై ఏళ్ళుగా నేనూ అలాగే అనుకున్నాను."