నూట నలభై మూడో పేజీ

బెజవాడలో మే నెలలో ఫ్యాన్ వేసుకోకూడదంటే మీరు నమ్మరు. స్టెల్లా ఇంట్లో మూడేళ్ళుగా అదే రూలు. భోజనాల బల్ల మీద మూడు వందల పన్నెండు కార్డులున్నాయి మరి. "ఫ్యాన్ వేశావంటే నా పరిశోధనంతా ఎగిరిపోద్ది" అంటాడు ఆవిడ భర్త యేసుకుమార్. కాలేజీలో లెక్చరరు. భూమి వేడెక్కుతోందన్న సంగతి జనానికి ఎంతవరకు అర్థమైందో తేల్చడానికి ప్రపంచంలో ఎవరెవరు ఏమేం పరిశోధించారన్నది ఆయన పీహెచ్‌డీ విషయం. ఆ వేడి కోసం ఇంట్లో ముగ్గురూ, ఆలుమగలూ అత్తగారూ, చెమటలు కక్కుతూ, కంచాలు ఒళ్ళో పెట్టుకుని, నేల మీద కూర్చుని తింటారు.

కార్డులు చేసింది స్టెల్లా. ఆయన తెచ్చిన పరిశోధన వ్యాసాల జిరాక్సులు కత్తిరించి, అట్టముక్కల మీద మైదాపిండితో అంటించి, మూడు దొంతరలు పెట్టింది. స్కూల్లో ఆరు పీరియడ్లు సోషల్ చెప్పి వచ్చాక ఇది ఏడోది, జీతం లేని పీరియడు. "చదవక్కర్లా. సంవత్సరం చూసి పెట్టు, చాలు" అన్నాడాయన. మొదటి దొంతర మీద పచ్చడిబండ, రెండోదాని మీద కుక్కరు, మూడోదాని మీద ఆవకాయ జాడీ. పప్పు వండే రోజున కుక్కరు తీసి బైబిలు పెట్టేది. అలా తీస్తూ పెడుతూ పైన కనబడ్డ కార్డు చదివేది. పైది అయిపోతే కిందది.

మొదటి దొంతర తొంభైల మొదట్లోది. అన్నిట్లో ఒకటే మాట: జనానికి తెలియదు. ఓజోన్ పొరకి చిల్లు పడబట్టే ఎండలనుకుంటున్నారు, కాబట్టి చెప్పాలి. రెండోది తొంభైల చివరిది. చెప్పాం, విన్నారు, అయినా మారలేదు. చదువుతుంటే స్టెల్లాకి ఇదంతా ఎక్కడో విన్నట్టే అనిపించింది. తొంభై మూడులో పెళ్ళి. కొత్తలో బ్యాంకు గురించి నోరు తెరిచినా, గ్యాసు గురించి తెరిచినా "నీకు తెలియదులే" అనేవాడాయన. తర్వాత కొన్నేళ్ళు కూర్చోబెట్టి మరీ చెప్పాడు. అన్నానికి ఎసరు ఎంత పోయాలో కూడా చెప్పాడు. ఏనాడూ స్టవ్ వెలిగించినవాడు కాదు. ఇప్పుడు "ఎన్నిసార్లు చెప్పినా నువ్వింతే" అంటున్నాడు. ప్రొఫెసర్లంతా కూడబలుక్కుని తన కాపురం మీదే పరిశోధన చేశారా అని ఆవిడకి అనుమానం వచ్చింది. మూడో దొంతర కొత్తది. అందులో వాళ్ళు కాస్త తగ్గి, 'అసలు జనాన్ని ముందు అడిగామా? వాళ్ళు కళ్ళారా చూసిందేమిటి? మన మాట ఎందుకు నమ్మాలి?' అని గొణుక్కుంటున్నారు. ఆ దొంతర తమ ఇంటికి ఇంకా రాలేదు. వచ్చిందిగానీ, జాడీ కింద ఉంది.

థీసిస్‌లో చిన్న సర్వే కూడా ఉండాలన్నారు గైడుగారు. యేసుకుమార్ మొదటి ఫారం తల్లి మణెమ్మతోనే నింపాడు. వంటింట్లో మెంతికూర వలుస్తూ స్టెల్లా వింది.

"అమ్మా, వాతావరణ మార్పు అంటే నీకు తెలుసా?"

"మా నాగాయలంకలో నీళ్ళు ఉప్పెక్కినై నాయనా. నా చిన్నప్పుడు రెండు పొంగులకే పప్పు మెత్తబడేది. ఇప్పుడు పొద్దస్తమానం ఉడికినా బద్ద బద్దలాగే ఉంటంది."

"పప్పు కాదమ్మా నేనడిగేది. తెలుసా, తెలియదా?"

"నువ్వడిగేది నాకు తెలవదురా."

ఆయన 'తెలియదు' గడిలో టిక్కు పెట్టుకున్నాడు.

థీసిస్ ప్రూఫులు దిద్దడం కూడా ఏడో పీరియడే. నూట నలభై మూడో పేజీలో సగం ఖాళీగా ఉంది. ఇంట్లో ఖాళీ చోటు కనబడితే ఏదో ఒకటి సర్దడం స్టెల్లాకి అలవాటు. పెన్ను తీసి నాలుగు వాక్యాలు రాసింది. నలభై ఏళ్ళు పప్పు ఉడికించి నీళ్ళలో మార్పు కనిపెట్టిన మనిషిని 'తెలియదు' గడిలో వేసే పరిశోధన, ఎవరికి తెలియదో మాత్రం తేల్చలేదని దాని సారాంశం. డీటీపీ ఆపరేటరు మారు మాట్లాడకుండా కొట్టేశాడు.

మొన్న గైడుగారు ఫోన్ చేశారు. థీసిస్ మొత్తానికీ ఆ పేరాయే ప్రాణమని బయటి ఎగ్జామినరు రాశాడట. వైవాలో దాని మీదే అడుగుతాడట. "నా కొడుకు రాతంటే రాతే" అని మణెమ్మ మురిసిపోయింది. యేసుకుమార్ ఆ పేజీ తీసి నాలుగుసార్లు చదివాడు.

"బానే రాశాను గానీ..." అని ఆగి, గొంతు తగ్గించాడు. "స్టెల్లా, ప్రూఫులు నువ్వేగా చూశావు. ఈ పేరా నీకేమన్నా అర్థమైందా?"

చొక్కా ఎక్కడుందని అడగడం మినహాయిస్తే, పదమూడేళ్ళలో ఆయన ఆవిడని అడిగిన మొదటి ప్రశ్న అది.

"నాకేం తెలుసండీ" అనేసింది.

అలవాటు కొద్దీ అందా, కావాలని అందా? ఆవిడకే తెలియడం లేదు. వైవా సోమవారం పదింటికి. విడమరిచి చెబితే ఆయన అక్కడ అప్పజెప్పి డాక్టర్ యేసుకుమార్ అయిపోతాడు. బల్ల ఖాళీ అవుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది. కానీ ఒట్టి లెక్చరరుగారి 'నీకు తెలియదులే'నే ఇన్నాళ్ళు మొయ్యలేకపోయింది, ఇక డాక్టరుగారిది ఎంత బరువుంటుందో! చెప్పకపోతే ఆయన నీళ్ళు నములుతాడు, కార్డులు ఇంకో మూడేళ్ళు బల్ల మీదే. పోనీ నేనే రాశానని అందామా అంటే, "కట్టుకున్నవాడి నోట్లో మట్టి కొట్టావు కదే" అంటుంది అత్తయ్య, ఎవరి పప్పు గురించి రాశారో తెలియకుండానే. అయినా పెళ్ళయ్యాక స్టెల్లా రాసినవాటిల్లో సరుకుల చీటీ కానిది అదొక్కటే. దాని కింద తన పేరు ఎలా ఉంటుందో ఒక్కసారి చూసుకోవాలని ఉంది.

పాలుపోక ఆవిడ నన్నడిగింది. నాకూ పాలుపోక మిమ్మల్ని అడుగుతున్నాను. చేతులు జోడించి అడుగుతున్నాను, ఏం చెయ్యమంటారు? 'మాకు తెలియదు' అని మాత్రం అనకండి, ఆ గడి ఎప్పుడో నిండిపోయింది. కాస్త త్వరగా చెప్పండి. ఇవాళ ఆదివారం. చర్చి నుంచి వచ్చీ రాగానే ఆవిడ బల్ల మీంచి బండ తీసింది, కుక్కరు తీసింది, జాడీ కూడా తీసింది. చెయ్యి ఫ్యాన్ స్విచ్ మీద ఉంది.