ఎక్కడ తగిలిందో చెప్పని మేస్త్రీ

కాస్త ఆగండి, పనుంటే ఉండనీ, ఇది విని వెళ్లండి.

మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్స్‌రే గదిలోకి ఒక తాపీమేస్త్రీని స్ట్రెచర్ మీద తోసుకొచ్చారు. గోడ వెంట్రుకవాసి వంకరున్నా ఒప్పుకోడని పనిలో అందరూ అతన్ని మట్టం మేస్త్రీ అంటారు. పొద్దున రెండో అంతస్తు దగ్గర పరంజా తాళ్లు తెగి, కాళ్లు చెరోపక్కా వేలాడేలా కింది అడ్డకర్ర మీద పడ్డాడు. ఆ మాట మాత్రం చెప్పలేదు. ఫిల్ము తీసేది ఆడమనిషి మరి! నడుం పట్టేసిందని గొణిగి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె నడుముకే తీసింది. ఎముకలన్నీ బాగానే ఉన్నాయి.

పడ్డప్పటినుంచి మూత్రం చుక్క రాలేదని, లోపలికి గొట్టం వేయడానికి నర్సు వచ్చింది. అప్పుడు అతని భార్య, అతనితోపాటు ఆ కట్టడం దగ్గరే ఇటుకలు మోసే మనిషి, ఫిల్ము తీసే ఆమెను పక్కకి పిలిచింది.

"ఆయన సిగ్గుతో చస్తున్నాడమ్మా. దెబ్బ నడుముకి కాదు. బట్టకి రక్తం అంటింది, చూడండి."

ఫిల్ము తీసే ఆమె నర్సుని ఆపింది, డాక్టర్ని పిలిపించింది. డాక్టరు వచ్చి, మూత్రం వచ్చే దారి బయటి కొసనుంచి, ఫిల్ములో తెల్లగా కనపడే రంగుమందు మెల్లగా పంపితే ఆమె మళ్లీ ఫిల్ము తీసింది. తిన్నగా మూత్రసంచి దాకా వెళ్లాల్సిన తెల్లగీత సగంలో ఆగిపోయి, ఒలికిన సున్నంలా చుట్టూ పరుచుకుంది. దారి చిరిగింది. గొట్టం గుడ్డిగా తోసుంటే మిగిలిందీ చిరిగేదన్నాడు డాక్టరు. ఇప్పటికి పొత్తికడుపుకి చిన్న రంధ్రం చేసి మూత్రం బయటికి తీయాలి, దారి బాగుచేసే ఆపరేషన్ తర్వాతెప్పుడో, నెలల తరబడి పనిలోకి వెళ్లడానికి లేదు.

అంతలో కట్టడం పని చూసే సూపర్‌వైజర్, ఆసుపత్రి వాళ్లు నింపాల్సిన దెబ్బల కాగితం పట్టుకుని ఫిల్ము తీసే ఆమె దగ్గరికొచ్చాడు. ఎలా తగిలిందో రాసే గడిలో, ఇంట్లో జారిపడ్డాడని రాయమన్నాడు. పనిలో తగిలితే వైద్యం కంపెనీయే చేయించాలి కదా. మేస్త్రీ చెవి దగ్గరికి వంగాడు.

"పనిలో అని రాస్తే విచారణకొస్తారు మేస్త్రీ. ఎక్కడ తగిలిందో నలుగురిలో చెప్పాలి. రేపట్నుంచి మనోళ్లు నిన్నేమని పిలుస్తారో ఆలోచించుకో."

మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. "ఇంట్లోనే అని రాయండమ్మా," అన్నాడు.

"తాళ్లు పుచ్చిపోయాయని వారం నుంచి మొత్తుకుంది నువ్వే గదయ్యా," అంది భార్య. "గోడ వంకరైతే ఒప్పుకోవు, ఇదెట్లా ఒప్పుకుంటావు?"

"నీకేం తెలుసే. వాళ్ల మధ్య నిలబడాల్సింది నేను."

సాక్షి సంతకం పెట్టమని సూపర్‌వైజర్ భార్యకి పెన్ను అందించాడు. ఆమె రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది.

"నేను పెట్టను."

పెన్ను తిరిగి ఫిల్ము తీసే ఆమె బల్ల మీదికొచ్చింది. గడి ఖాళీగా ఉంది. మేస్త్రీ ఆమెనే చూస్తున్నాడు, తడికళ్లతో, బతిమాలుతూ. ఒళ్లు అతనిది, సిగ్గూ అతనిదే. అక్కడ పని దగ్గర, తెగిన అవే తాళ్లు ముడేసి కట్టిన పరంజా మీదికి అప్పటికే ఇంకో ఇద్దరు ఎక్కేశారు.

మీరైతే ఆ గడిలో ఏం రాస్తారు?